పాటల ప్లేయర్‌లో ఏ సెట్టింగ్ ముందు, ఏది తర్వాత

కొత్త పాటల ప్లేయర్ చేతికి రాగానే చాలామంది నేరుగా ఈక్వలైజర్‌లోకి, అంటే శబ్దంలో లోతునీ పదునునీ విడివిడిగా సర్దే చోటికి, వెళ్తారు. రాక్, పాప్, జాజ్, బాస్ బూస్ట్ అని వరసగా పేర్లుంటాయి. ఒక్కొక్కటే నొక్కి చూసి, ఏది గట్టిగా దడదడలాడితే అది పెట్టుకుని ఇక మళ్లీ ఆ వైపు చూడరు. ఒంగోలులో మా బంధువులకీ స్నేహితులకీ ప్లేయర్లు సర్దిపెట్టేది నేనే కాబట్టి గట్టిగా చెప్పగలను, ఈ వరస తిరగెయ్యాలి. ముందు పాటకీ పాటకీ మధ్య శబ్దంలో ఉన్న హెచ్చుతగ్గులు సమం చేయాలి. తర్వాత వాల్యూమ్‌కి పైహద్దు పెట్టాలి. ఆ రెండూ అయ్యాకే ఈక్వలైజర్ జోలికి వెళ్లాలి. వెళ్లినా, ఏది పెంచుదామా అని కాకుండా ఏది తగ్గిద్దామా అని చూడాలి.

అన్నిటికంటే మంచి సెట్టింగ్ ఏదని అడిగితే ఒక్క జవాబు ఉండదు. మీరు ఏం వింటారు, ఎక్కడ కూర్చుని వింటారు అన్నదాన్ని బట్టే ఎంపిక. తెల్లవారుజామున ఇంట్లో కచేరీ వినే పెద్దాయనకి కుదిరేది, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే మీద బస్సులో పోయే కుర్రాడికి కుదరదు. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల హోరులో రాత్రంతా కాపలా ఉండే మనిషి సంగతి మళ్లీ వేరు.

హెచ్చుతగ్గులు సమం చేయడం

బాలు పాటల జాబితా ఒకటి తీసుకోండి. మన నెల్లూరు మనిషి. 1966లో మొదటి సినిమా పాట పాడి, 2020లో కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నారు. అంటే ఒకే గొంతు, యాభై ఏళ్లకు పైబడిన రికార్డింగులు. తొలినాళ్ల పాటలు మోనో. ఆ తర్వాత స్టీరియో వచ్చింది. 1990ల తర్వాత డిజిటల్ మాస్టరింగ్‌లో ప్రతి పాటనీ వీలైనంత బిగ్గరగా చేసి వదలడం అలవాటైపోయింది. వీటన్నిటినీ కలిపి వింటే పాత పాటకి వాల్యూమ్ పెంచుకుంటాం, తర్వాత వచ్చిన కొత్త పాట చెవి మీద కొట్టినట్టు మోగుతుంది.

కందుకూరు దగ్గర పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కాడ రాత్రిళ్లు పొయ్యి చూసుకునే మా బాబాయి మాట ఇది: "అబ్బాయా, ఒక పాటేమో ఇనపడటంలా, ఇంకోటేమో చెవులు చిల్లులు పొడస్తంది. చేతులకి మసి, ఊరికూరికే దాన్ని తిప్పుకుంటా ఎట్టా కూర్చునేది?" ఆయన అడిగింది ఈక్వలైజర్ తీర్చే పని కాదు. దానికి రీప్లేగెయిన్ కావాలి.

రీప్లేగెయిన్ చేసేదేమిటంటే, ప్రతి పాటనీ ముందుగా కంప్యూటర్‌లో కొలిచి, ఇది ఎంత బిగ్గరగా ఉంది, ఎంత తగ్గించాలి లేదా పెంచాలి అన్న సంఖ్యని పాట ఫైల్లోనే రాసిపెడుతుంది. పాట మాత్రం ముట్టుకోదు. ప్లేయర్ ఆ సంఖ్య చదువుకుని అంతమేరకు సర్దుతుంది. లెక్కకి ప్రమాణం 89 డెసిబెల్స్. ఈ కాలపు సినిమా పాటలకి మైనస్ 8, మైనస్ 10 లాంటి సంఖ్యలు వస్తాయి, పాత వాటికి సున్నా దగ్గరగానో కాస్త ప్లస్‌లోనో వస్తుంది. ఫూబార్2000 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి కొలవచ్చు.

ఇక్కడ రెండు దారులుంటాయి, ట్రాక్ గెయిన్, ఆల్బమ్ గెయిన్ అని. సినిమా పాటలు కలగలిపి వినేవాళ్లు కళ్లు మూసుకుని ట్రాక్ గెయిన్ పెట్టుకోండి. కచేరీ వినేవాళ్లు మాత్రం ఆల్బమ్ గెయిన్ పెట్టుకోవాలి. కచేరీలో రాగాలాపన సన్నగా మొదలవుతుంది, తని ఆవర్తనానికి వచ్చేసరికి మృదంగం హోరెత్తుతుంది. ట్రాక్ గెయిన్ పెడితే రెండూ ఒకే ఎత్తున వచ్చి కచేరీ నడక పోతుంది. ఆల్బమ్ గెయిన్ మొత్తం కచేరీని ఒక ముద్దగా కొలిచి, లోపలి ఎగుడుదిగుళ్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది. రెండూ వినేవాళ్లకి రాక్‌బాక్స్ (ప్లేయర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) లాంటి వాటిలో మూడో ఏర్పాటు ఉంది, షఫుల్‌లో ఉంటే ట్రాక్ గెయిన్, వరసగా వింటుంటే ఆల్బమ్ గెయిన్. నన్నడిగితే అదే అన్నిటికంటే తెలివైన ఏర్పాటు.

మొదటిసారి పెట్టినప్పుడు పాటలన్నీ చప్పబడినట్టు అనిపిస్తుంది. కొత్త పాటలన్నీ తగ్గాయి కదా మరి. వాల్యూమ్ నాలుగు మెట్లు పెంచుకుంటే సరిపోతుంది. పక్కనే క్లిప్పింగ్ రాకుండా చూడమనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, పాత పాటని పెంచే క్రమంలో గొంతు పగిలినట్టు వినపడకుండా అది కాస్తుంది.

కొన్ని ప్లేయర్లలో రీప్లేగెయిన్ ఉండదు, బదులుగా డైనమిక్ నార్మలైజర్ లాంటి పేరుతో ఇంకొకటి ఉంటుంది. ముందే కొలిచిన సంఖ్య లేకుండా, పాట నడుస్తుండగా సర్దే రకాలు పాట లోపలి ఎత్తుపల్లాలని కూడా చదును చేస్తాయి. పల్లవిలో గొంతు తగ్గిన చోట వెనక వాద్యాలు పైకి ఉబికినట్టు వినిపిస్తుంది. బస్సులో వినడానికి ఇది నిజంగా మేలు చేస్తుంది, ఎందుకంటే ఇంజిన్ మోతలో సన్నటి చోట్లు ఎలాగూ మునిగిపోతాయి. ఇంట్లో వినేటప్పుడు తీసెయ్యండి.

వాల్యూమ్‌కి పైహద్దు

దీన్ని పిల్లల కోసం పెట్టే సెట్టింగ్ అనుకుంటారు. నిజానికి రోజుకి మూడు నాలుగు గంటలు ఇయర్‌ఫోన్ పెట్టుకునే ప్రతి ఒక్కరికీ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే లెక్క, 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది డెసిబెల్స్ తేడాకి సమయం పదో వంతుకి పడిపోతోంది. పిల్లలకైతే 75 దగ్గరే 40 గంటలు. చెవి లోపలి సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు, అందుకే ఈ విషయంలో నేను ఎవరితోనూ సర్దుకోను.

వాల్యూమ్ పెంచాలనిపించేది ఎక్కువగా చుట్టూ మోత ఉన్నప్పుడే. బస్సు ఇంజిన్, పొలంలో మోటారు, చెరువులో ఏరేటర్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ కోత మిషన్లు. ఇలాంటి చోట్ల పాటని పెంచాలా, మోతని తగ్గించాలా అన్నది అసలు ఎంపిక. మోతని తగ్గించడమే మేలు. చెవి రంధ్రంలో సరిగ్గా బిగిసే రబ్బరు తొడుగున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే బయటి మోత చాలావరకు ఆగిపోతుంది, వాల్యూమ్ సగం దగ్గరే చాలనిపిస్తుంది. పెట్టెలో మూడు సైజుల తొడుగులు వస్తాయి, మధ్యది ముందే తొడిగి ఉంటుంది. మిగతా రెండూ తొడిగి చూడకుండా "ఇందులో బాస్ లేదు" అనేవాళ్లు చాలామంది. తొడుగు వదులుగా ఉంటే ముందు పోయేది బాసే.

అయితే చెరువు కాపలా మనిషికి, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకి రెండు చెవులూ మూసుకోవడం ప్రమాదం. ఏరేటర్ ఒకటి ఆగితే ఆ తేడా వినపడాలి, కరెంటు పోతే వెంటనే తెలియాలి. వాళ్లు ఒక్క చెవికే పెట్టుకోవాలి. ఆ సంగతి కింద చెప్తాను.

హద్దు పెట్టే పద్ధతి తేలిక. రాత్రి ఇల్లు సద్దుమణిగాక మీకు హాయిగా వినపడే మెట్టు చూసుకోండి. దానికి నాలుగైదు మెట్లు పైన హద్దు పెట్టి వదిలేయండి. సోనీ వాక్‌మన్‌లో దీన్ని ఏవీఎల్ఎస్ అంటారు, ఫియో ప్లేయర్లలో మాక్స్ వాల్యూమ్ అని ఉంటుంది. దగ్గర్లోనే హై గెయిన్, లో గెయిన్ అని ఇంకో మీట కనిపిస్తే, మామూలు ఇయర్‌ఫోన్‌కి లో గెయిన్ చాలు. ఇంపీడెన్స్ (విద్యుత్తుకి అడ్డుపడే గుణం) 150 ఓమ్‌లు, 300 ఓమ్‌లు ఉండే పెద్ద హెడ్‌ఫోన్లకే హై గెయిన్.

ఈక్వలైజర్: పేరున్న ప్రీసెటా, మన చేత్తోనా

ప్రీసెట్లకి, అంటే రాక్, పాప్ లాంటి ముందే సర్దిన సెట్టింగులకి, పెట్టిన పేర్లు మన సంగీతానికి కుదరవు. మన పద్యానికీ, హరికథకీ, నాదస్వరానికీ అందులో పేరే లేదు. అందుకే నా ఓటు చేత్తో సర్దుకోవడానికే. భయపడాల్సినంత పనేం లేదు. ఆండ్రాయిడ్ ఆధారంగా నడిచే ప్లేయర్లలో మామూలుగా ఐదు మీటలుంటాయి, 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్ అని. 60 దగ్గర డ్రమ్ము దెబ్బలోని లోతు ఉంటుంది. 230 దగ్గర మగ గొంతు నిండుదనం, మృదంగం ఎడమవైపు గుమ్మనే మోత. 910 దగ్గర గొంతు అసలు ఒళ్లు, హార్మోనియం కూడా చాలావరకు ఇక్కడే. 3,600 మాటల స్పష్టతకి, వయొలిన్ పదునుకి. 14,000 దగ్గర తాళాల మెరుపు ఉంటుంది, పాత రికార్డింగులో అయితే అక్కడ ఉండేది బుస శబ్దం మాత్రమే.

మన జిల్లాల్లో పద్యనాటకం వినేవాళ్లు ఇంకా బాగానే ఉన్నారు కాబట్టి ఆ ఉదాహరణే దగ్గరగా చూద్దాం. 78 తిరుగుళ్ల గ్రామఫోన్ రికార్డు నుంచి ఎక్కించిన పద్యం అనుకోండి. పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, అంచేత పద్యం, రాగం అన్నీ అందులోనే ఇరుకుగా సర్ది ఉంటాయి. ప్లేయర్ బాస్ బూస్ట్‌లో ఉంటే అడుగున రికార్డు తిరిగే గురగుర పైకి తేలుతుంది. ట్రెబుల్ పెంచి ఉంటే ముల్లు గీరే చప్పుడు పద్యాన్ని మింగేస్తుంది. ఇప్పుడు రెండు చివర్లూ, అంటే 60నీ 14,000నీ, మైనస్ 6కి దించండి. 230, 910 కదపొద్దు. 3,600ని సున్నా దగ్గరే ఉంచి ఒక చరణం వినండి. మాట తెలియకపోతే ప్లస్ 2 చేయండి, శ, ష, స అక్షరాలు ఈల వేసినట్టు అనిపిస్తే వెనక్కి తెచ్చేయండి. గురగుర, గీర పోయి, గొంతూ హార్మోనియమూ ముందుకొచ్చి కూర్చుంటాయి. దీన్ని "పద్యం" అని పేరు పెట్టి దాచుకుంటే మళ్లీ ఎప్పుడైనా ఒక్క నొక్కు.

తగ్గించమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. డిజిటల్ పాటకి పైన ఒక గట్టి కప్పు ఉంటుంది, దాన్ని దాటి పోలేదు. ఈ కాలపు పాటలు ముందే ఆ కప్పుని తాకుతూ ఉంటాయి. అలాంటి పాటలో 60 దగ్గర 6 డెసిబెల్స్ పెంచారంటే ఆ భాగం కదలిక రెట్టింపు చేశారన్నమాట. కప్పు దాటిన భాగం తెగిపోతుంది, దెబ్బ పడ్డప్పుడల్లా గరగర వినిపిస్తుంది. బాస్ కావాలని నిజంగా అనిపిస్తే మిగతా నాలుగు మీటల్నీ మూడు మూడు దించి, వాల్యూమ్ కాస్త పెంచుకోండి. బాస్ ముందుకొస్తుంది, గరగర ఉండదు. మొత్తం శబ్దాన్ని ఒకేసారి తగ్గించే ప్రీయాంప్ అనే మీట ఉంటే ఇంకా తేలిక, మీరు పెంచిన వాటిలో పెద్ద సంఖ్య ఎంతో ప్రీయాంప్‌ని అంత మైనస్ చేయండి.

రెండు సెట్టింగుల్లో ఏది బాగుందో తేల్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, అందరికీ అంతే. రెండిటినీ ఒకే శబ్దానికి తెచ్చి పోల్చండి. బస్సులో కూర్చుని ఈక్వలైజర్ సర్దకండి, ఇంజిన్ మోత బాస్‌ని కప్పేస్తుంది, మీరు దాన్ని అతిగా పెంచేసి ఇంటికొచ్చాక తల పట్టుకుంటారు.

ఒక్క చెవితో వినేవాళ్లకి

బ్యారన్ కాడ, చెరువు కాడ, కొట్లో గల్లా పెట్టె దగ్గర, ఇలా ఒక చెవి బయటికి వదిలి వినేవాళ్లు మనలో ఎంతోమంది. స్టీరియో పాటలో వేణువు బిట్టో, కోరస్సో ఒక పక్కనే ఉండొచ్చు. రెండో పక్క ఇయర్‌ఫోన్ జేబులో ఉంటే ఆ ముక్క మీకు ఎప్పటికీ వినపడదు. యుగళగీతాలు రెండో వైపు చెవికి పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మోనో ఆడియో ఆన్ చేస్తే రెండు పక్కలూ కలిసి ఒకే చెవిలోకి వస్తాయి. ఫోన్లలో ఇది యాక్సెసిబిలిటీ అనే చోట ఉంటుంది, ప్లేయర్లలో సౌండ్ మెనూలో ఛానల్స్ అని ఉంటుంది. ఒక చెవి సరిగ్గా వినపడని పెద్దవాళ్లకి కూడా ఇది తప్పకుండా పెట్టాలి. ఇంత ఉపయోగమున్న సెట్టింగ్ గురించి షాపుల్లో ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

గ్యాప్‌లెస్, క్రాస్‌ఫేడ్

హరికథ నాలుగు ముక్కలుగా ఉన్నా, రాగం తానం పల్లవి మూడు ట్రాకులుగా కోసి ఉన్నా, గ్యాప్‌లెస్ ఆన్‌లో ఉండాలి. ఎంపీత్రీగా మార్చేటప్పుడు పాట మొదట్లో, చివర్లో ఖాళీ చేరుతుంది, గ్యాప్‌లెస్ దాన్ని తీసేస్తుంది. క్రాస్‌ఫేడ్ ఒక పాట తోకని ఇంకో పాట తల మీద వేస్తుంది. పెళ్లి పందిట్లో స్పీకర్లకి పెట్టినప్పుడు తప్ప దాని అవసరం నాకు కనపడలేదు.

వేగం, ఎక్కడ ఆపామో అక్కడి నుంచి

ప్రవచనాలు, పోటీ పరీక్షల పాఠాలు వినేవాళ్లకి 1.25 వేగం హాయిగా ఉంటుంది. 1.5 దాటితే తెలుగులో జంటాక్షరాలు, పేర్లు, సంవత్సరాలు నలిగిపోతాయి, రెండోసారి వినాల్సొస్తే ఆదా అయిన సమయం అక్కడే పోతుంది. శ్రుతి మారకుండా వేగం మార్చే సెట్టింగ్ విడిగా ఉంటే అదే ఎంచుకోండి, లేకపోతే గొంతు కీచుమంటుంది. పాట నేర్చుకునేవాళ్లకి 0.75 వేగం, దాంతోపాటు ఏ-బీ రిపీట్ ఉండాలి. సంగతి మొదలయ్యే చోట ఒకసారి, ముగిసే చోట ఒకసారి నొక్కితే ఆ ముక్కే తిరుగుతూ ఉంటుంది. నెమ్మది చేసినప్పుడు మృదంగం దెబ్బలు కాస్త అలుక్కుపోతాయి, గొంతులో గమకం మాత్రం తేటగా తెలుస్తుంది. సంగీతం నేర్చుకునే పిల్లకి ప్లేయర్ కొంటుంటే శబ్ద నాణ్యత కంటే ముందు ఈ ఒక్క సెట్టింగ్ ఉందో లేదో చూడండి.

పొడుగాటి ప్రసంగాలకి రెజ్యూమ్, బుక్‌మార్క్ ఆన్ చేసుకోండి. పాటలకి అక్కర్లేదు.

సరౌండ్, త్రీడీ, థియేటర్ అనే పేర్లున్నవన్నీ ఆఫ్ చేయండి, గొంతుని బావిలోకి తోస్తాయి. డిజిటల్ ఫిల్టర్ అని షార్ప్, స్లో రకాలుంటే వచ్చినట్టే ఉంచండి, ఆ తేడా మనిషి చెవి వినగలిగే పైఅంచు దగ్గర జరిగేది. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ (పాటని ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి) వాడేవాళ్లు ఇంట్లో సెకనుకి 990 కిలోబిట్లకి పెట్టుకోవచ్చు, నెల్లూరు స్టేషన్ లాంటి రద్దీలో పాట తెగుతుంటే 330కి దించండి.

సెట్టింగులే లేని పెట్టెలకి

మన ఊళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది మెమరీ కార్డు పెట్టే చిన్న స్పీకర్ బాక్స్. పొలం గట్టు మీదా, టీ కొట్లోనూ అదే. దాంట్లో ప్లే, ముందుకి, వెనక్కి, వాల్యూమ్ తప్ప ఏమీ ఉండవు. అలాగని వదిలెయ్యక్కర్లేదు, ఆ పనంతా కార్డు ఎక్కించేటప్పుడే చేయొచ్చు.

ఎంపీత్రీగెయిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రీప్లేగెయిన్ లాగే కొలుస్తుంది, కానీ సంఖ్య రాసి ఊరుకోకుండా ఫైల్లోనే శబ్దం మట్టాన్ని మారుస్తుంది, 1.5 డెసిబెల్ మెట్ల చొప్పున. పాటని విప్పి మళ్లీ కట్టదు కాబట్టి నాణ్యత తగ్గదు, కావాలంటే వెనక్కి తిప్పొచ్చు. పాటలన్నీ 89కి తెచ్చి కార్డులో వేస్తే ఎంత చవక బాక్స్ అయినా ఒకే ఎత్తున పాడుతుంది. బాబాయి బాక్స్‌కి చేసింది ఇదే. స్పీకర్ మరీ చిన్నదై, ఆరుబయట వినపడదనుకుంటే 92కి పెట్టండి, అంతకు మించొద్దు.

కార్డు 32 జీబీ కొనడం మంచిది. 64, ఆపైవి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, చాలా బాక్సులు దాన్ని చదవలేవు. పాటల వరస విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి బాక్సుల్లో చాలావాటికి ఫైల్ పేరుతో పని లేదు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే అది ముందు పాడుతుంది. హరికథ మూడో భాగం మొదట రావడానికి కారణం అదే. ఫైళ్ల పేర్లకి ముందు 001, 002 అని అంకెలు వేసి, కార్డు ఫార్మాట్ చేసి, ఒక్కో భాగాన్నీ వరసలో విడివిడిగా కాపీ చేయండి. షాపులో ఎక్కించుకుంటుంటే అబ్బాయికి ఈ మాట ముందే చెప్పి, కార్డు బాక్స్‌లో పెట్టి మొదటి రెండు భాగాలూ వరసగా వస్తున్నాయో లేదో అక్కడే విని తీసుకెళ్లండి.